పాత ఆయిల్ ఇంజన్ టైమింగ్: పానా కంటే ముందు సుద్దముక్క

పరకాల, నర్సంపేట, జమ్మికుంట వైపు ఊళ్ళలో పాత కొట్టం తలుపు తీస్తే ఇప్పటికీ చాలాచోట్ల ఒక ఆయిల్ ఇంజన్ కనిపిస్తుంది. అటొకటి ఇటొకటి పెద్ద ఫ్లైవీళ్ళు, నడుమ నిలువు సిలిండర్, పక్కన తుప్పు పట్టిన నీళ్ళ డ్రమ్ము. మోట పోయాక, కరెంటు మోటారు నిలదొక్కుకునేదాకా మన బావుల్లో నీళ్ళు తోడినవి ఇవే. ఊరి గిర్నీ నడిపినవీ ఇవే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక మిగిలిన కొద్దిపాటి పని కూడా పోయి మూలకు చేరాయి. ఇప్పుడు మనుమలు వాటిని బయటికి లాగి, తుడిచి, మళ్ళీ తిప్పాలని చూస్తున్నారు. చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. కాని ఇంజన్ కాస్త పొగ వదిలినా, కాస్త టకటకలాడినా వెంటనే వచ్చే మాట ఒకటుంది: "టైమింగ్ పోయింది, పంపు విప్పుదాం."

విప్పకండి. ముందు కొలవండి. టైమింగ్ అంటే సిలిండర్లోకి డీజిల్ పడే వేళ, పంపు అంటే ఆ డీజిల్‌ను నాజిల్‌కి తోసే ఫ్యూయల్ పంపు. ఎలా కొలవాలో, నిజంగా తప్పితే ఎలా సరిచేయాలో ఇక్కడ వివరంగా చెప్తాను.

నేను చెప్పేది ముఖ్యంగా లిస్టర్ రకం ఒంటి సిలిండర్ ఇంజన్ల గురించి. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ అనే ఊళ్ళో పుట్టిన నమూనా అది. రాజ్‌కోట్ వర్క్‌షాపులు దాన్నే పట్టుకుని మన దేశమంతా నింపాయి. 6 హార్స్ పవర్, నిమిషానికి 650 చుట్లు, టాప్‌కి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి, ఫ్లైవీలు తిరుగుడులో 20 డిగ్రీల ముందు డీజిల్ పడటం మొదలవ్వాలి. పుణె కిర్లోస్కర్ లాంటి 1500 చుట్ల ఇంజన్లు వేరే జాతి. వాటిలో ఎక్కువగా కనిపించే లెక్క 23 డిగ్రీలు. మీ ఇంజన్ పలక మీదో పుస్తకంలోనో వేరే అంకె ఉంటే అదే మీకు ప్రమాణం. పద్ధతి మాత్రం అన్నిటికీ ఇదే.

టైమింగ్ అంటే పంపు మాట

డీజిల్ ఇంజన్లో ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. పిస్టన్ గాలిని ఒత్తుతుంటే ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్ చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి మంట ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది ఫ్యూయల్ పంపే. చిమ్మిన క్షణంలోనే డీజిల్ అంటుకోదు. ఆవిరై, గాలిలో కలిసి, కాగడానికి దానికి కొంచెం వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ టాప్‌కి చేరకముందే చిమ్మడం మొదలుపెడతారు. 650 చుట్ల వేగంలో 20 డిగ్రీలంటే సెకనులో సుమారు 200వ వంతు. ఆ మాత్రం వ్యవధిలోనే అంతా జరిగిపోవాలి.

మరీ ముందు పడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తంతుంది. ఇంజన్ సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమంటుంది, బేరింగులు అరుగుతాయి, స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది. ఆలస్యంగా పడితే చప్పుడు మెత్తగా ఉంటుంది కాని సత్తువ ఉండదు. లోడు పడగానే నల్లపొగ, పొగగొట్టం విపరీతంగా కాలడం, చలికి స్టార్ట్ కాక తెల్లపొగ.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కు ఎక్కడంటే, ఈ లక్షణాలన్నీ వేరే రోగాలకూ వస్తాయి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా బాపు ఇంజన్ ఎన్నో ఏళ్ళు కదలకుండా ఉంది. దాన్ని నడిపిద్దామని పట్నం నుంచి ఒక రిపేరు ఆయన్ని పిలిపించాం. ఇంజన్ నల్లపొగ వదులుతోంది. ఆయన చెవి దగ్గర పెట్టి విని, పంపును కిందినుంచి నెట్టే టాపెట్ మీది స్క్రూ కొంచెం పైకి తిప్పాడు. పొగ కాస్త తగ్గినట్టనిపించింది. ఇంకొంచెం తిప్పాడు. ఎక్కడినుంచి ఎక్కడికి తిప్పాడో గుర్తు పెట్టుకోలేదు, మేమూ అడగలేదు. మర్నాడు పొద్దున బాపు హ్యాండిల్ వేసి తిప్పితే అది వెనక్కి తన్నింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు, ఆ ఏడు వరి కోతలకు చేను దగ్గరికి కూడా రాలేకపోయాడు.

తర్వాత కాజీపేట నుంచి ఒక పెద్దమనిషిని తీసుకొచ్చాం. ఒకప్పుడు గిర్నీ ఇంజన్లు చూసినాయన. వచ్చి కూర్చుని, చాయ్ తాగి, పానాల సంచి విప్పకుండానే అడిగాడు: "సుద్దముక్క ఉన్నదా బిడ్డా? ఇప్పుడు యాడున్నదో ముందుగాల గీసి పెడ్దాం. విప్పినంక ఎవల్ని అడుగుతవ్?"

కొలిస్తే టైమింగ్ 30 డిగ్రీల దగ్గరుంది. నల్లపొగకు అసలు కారణం నాజిల్ కారడం.

ముందు ఇవి చూడండి

టైమింగ్ ఊరికే మారదు. పంపు విప్పి బిగిస్తే మారుతుంది, గేర్లు తీసి పెడితే మారుతుంది, టాపెట్ స్క్రూను కదలకుండా పట్టే చెక్ నట్టు వదులైతే మారుతుంది, ఏళ్ళ తరబడి క్యామ్ (టాపెట్‌ను ఎత్తే ఉబ్బు చక్రం), టాపెట్ అరిగితే నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. ఇవేవీ జరగని ఇంజన్లో నిన్నటిదాకా బాగుండి ఇవాళ తేడా వచ్చిందంటే వేరే చోట వెతకాలి.

అన్నిటికంటే ముందు నాజిల్. దాన్ని విప్పి పంపు షాపులో టెస్టింగ్ మిషన్ మీద పెట్టించండి. మంచు తుంపరలా చిమ్మి టక్కున ఆగాలి. చివర బొట్టు వేలాడితే, సన్నటి ధారలా పోతే అది నాజిల్ రోగం. నల్లపొగా నాకింగూ (ఆ టంగుటంగు చప్పుడు) రెండూ కలిసి వస్తున్నాయంటే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. ఇంటి దగ్గర నాజిల్‌ని బయటపెట్టి ఇంజన్ తిప్పి చూడాలనుకుంటే చెయ్యి దాని ముందు పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంత గాయమే కనిపిస్తుంది, కాని వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అలా తగిలితే అర్జంటుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

తర్వాత గాలి. ట్యాంకు నుంచి పంపుదాకా లైన్లో బుడగ ఉంటే ఇంజన్ ఒకసారి పేలుస్తుంది, ఒకసారి వదిలేస్తుంది. పంపు దగ్గరి స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా డీజిల్ కారనివ్వండి. ఫిల్టర్ కడగండి. ఏళ్ళుగా ట్యాంకులో ఉన్న పాత డీజిల్ పారబోసి కొత్తది పోయండి.

కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఒత్తే బిగువు, చూడటం తేలిక. డీకంప్రెషన్ లివర్ (ఎత్తితే వాల్వును తెరిచిపట్టి ఒత్తిడి లేకుండా చేసేది) దించి, ఫ్లైవీలును చేత్తో టాప్ వైపు తోయండి. స్ప్రింగు మీద తోసినట్టు ఎదురు తిరగాలి, వదిలితే వెనక్కి రావాలి. బుస్సుమని జారిపోతే వాల్వులో రింగులో పోయినట్టు. కంప్రెషన్ లేని ఇంజన్‌కి టైమింగ్ ఎంత సరిచేసినా తెల్లపొగ పోదు.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. బావి నీళ్ళను నేరుగా సిలిండర్ జాకెట్లోకి పంపి అటునుంచి కాలువలో వదిలేసే అలవాటు మన దగ్గర ఉంది. ఇంజన్ చల్లగా ఉండటం మంచిదే అనుకుంటారు. నిజానికి మరీ చల్లటి సిలిండర్లో డీజిల్ ఆలస్యంగా అంటుకుని, అప్పటికే పోగుపడ్డదంతా ఒక్కసారి మండుతుంది. దాంతో నాకింగ్, తెల్లపొగ రెండూ వస్తాయి. బయటికొచ్చే నీళ్ళలో చెయ్యి పెడితే రెండు మూడు సెకన్లకంటే ఉంచలేనంత వేడి ఉండాలి. లేదంటే నీళ్ళు తగ్గించి, పావుగంట నడిపి, మళ్ళీ వినండి.

ఇంకొక దొంగ ఫ్లైవీలు కీ, అంటే ఫ్లైవీలును ఇరుసుకు బిగించే ఇనుప చీల. అది వదులైతే అచ్చం టైమింగ్ ముందుకు పోయినట్టే టంగుమంటుంది. తేడా ఇలా పట్టుకోవాలి: నడుస్తున్న ఇంజన్‌కి స్టాప్ లివర్ వేయండి. డీజిల్ ఆగిపోయి ఫ్లైవీళ్ళు ఊరికే తిరుగుతుంటాయి. అప్పుడూ చప్పుడు వస్తుంటే అది కీ, బేరింగు లాంటి ఇనుము చప్పుడు. డీజిల్ ఆగిన మరుక్షణం చప్పుడు కూడా ఆగితే అది మంట చప్పుడు.

నీలిపొగ వస్తుంటే టైమింగ్ జోలికే పోకండి. అది లోపల మండుతున్న ఇంజన్ ఆయిల్.

అసలైన టాప్ పట్టుకోవడం

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే అప్పుడు కొలతకు దిగండి. పంచె, లుంగీ, కండువా వద్దు. ఫ్లైవీలు ఆకుల్లో గుడ్డ చిక్కితే మనిషిని లాగేస్తుంది. కొలతకు ఇంజన్ స్టార్ట్ చేసే పనిలేదు, అంతా చేత్తో తిప్పేదే.

ఫ్లైవీలు మీద టాప్ గుర్తు ఉంటే దాన్ని వెంటనే నమ్మకండి. ఇన్నేళ్ళలో ఎవరో ఫ్లైవీలు మార్చి ఉండొచ్చు, ఎడమది కుడికి వేసి ఉండొచ్చు. ఒక్కసారి సరిచూసుకుంటే ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది.

పిస్టన్ పైకొచ్చి ఆగిన చోటు చూసి గీత గీస్తే సరిపోదా అంటే, సరిపోదు. టాప్ దగ్గర పిస్టన్ దాదాపు కదలదు. ఈ సైజు ఇంజన్లో ఫ్లైవీలును టాప్ నుంచి 3 డిగ్రీలు జరిపితే అంచు మీద 16 మిల్లీమీటర్లు జరుగుతుంది, పిస్టన్ మాత్రం మిల్లీమీటరులో ఎనిమిదో వంతే కిందికి దిగుతుంది. కంటికి ఆనదు. కాబట్టి టాప్‌కి అటు ఒక చోటు, ఇటు ఒక చోటు పట్టుకుని మధ్య బిందువు తీసుకోవాలి.

నాజిల్ రంధ్రం నేరుగా పిస్టన్ మీదికి ఉండే ఇంజన్లయితే సైకిల్ పుల్ల చాలు. నాజిల్ తీసి, పైకొనను కొక్కెంలా వంచిన పుల్లను రంధ్రంలోంచి పిస్టన్ మీద నిలబెట్టండి. కొక్కెం మరిచిపోవద్దు, అది లోపల పడితే హెడ్డు విప్పాల్సిందే. ఫ్లైవీలు తిప్పుతుంటే పుల్ల లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. పుల్ల మీద ఒక చోట టేపు అంటించండి. పైకి వచ్చేటప్పుడు టేపు రంధ్రం అంచుకు సమానమైన చోట ఫ్లైవీలు మీద ఒక గీత. దాటిపోయి కిందికి దిగేటప్పుడు మళ్ళీ సమానమైన చోట ఇంకో గీత. గీతలు గీయడానికి ఎదురుగా కదలని సూచిక ఒకటి కావాలి. గట్టి తీగ ముక్కను ఏదైనా బోల్టు కింద బిగించి, కొనను ఫ్లైవీలు అంచు దాకా వంచి పెట్టుకుంటే చాలు. రెండు గీతల మధ్య దూరం కొలిచి సగం దగ్గర మూడో గీత గీస్తే అదే టాప్.

లిస్టర్ రకంలో నాజిల్ పక్కనుంచి వేరే గదిలోకి చిమ్ముతుంది, పుల్ల పిస్టన్‌కి అందదు. అక్కడ ఆ పెద్దమనిషి చేసిన పని నాకు బాగా నచ్చింది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు ఒక గజం తెచ్చి, ఒక కొనను రబ్బరు బిరడాలో దూర్చి నాజిల్ రంధ్రంలో గట్టిగా నొక్కాడు. దానికి ముందే ఫ్లైవీలును కంప్రెషన్ టాప్‌కి (పిస్టన్ గాలిని ఒత్తుతూ పైకొచ్చే టాప్) దగ్గరగా తెచ్చి పెట్టుకున్నాడు. డీకంప్రెషన్ లివర్ దించే ఉంది, రెండు వాల్వులూ మూసే ఉన్నాయి. ట్యూబును యు ఆకారంలో గోడకు వేలాడదీసి అందులో కొంచెం రంగు నీళ్ళు పోశాడు. ఇక ఫ్లైవీలును ఒక వేలంత ముందుకు తోస్తే నీళ్ళు అటు కదిలాయి. ఇంకా తోస్తే ఆగాయి. ఇంకా తోస్తే వెనక్కి వచ్చాయి. పిస్టన్ ఊపిరి కనిపిస్తున్నట్టుంది. ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, నీళ్ళు ఆ గుర్తుకు చేరిన రెండు చోట్లా ఫ్లైవీలు మీద సుద్దగీతలు గీసి, మధ్యన టాప్ తేల్చాడు. తోయడం నెమ్మదిగా ఉండాలి, అటూ ఇటూ నాలుగైదు డిగ్రీలు మించకూడదు. మించితే నీళ్ళు ఎగిరి బయట పడతాయి.

ఇది కంప్రెషన్ టాపేనా అన్నది ఎప్పుడూ చూసుకోండి. వాల్వులను నెట్టే రెండు పుష్ రాడ్లూ వేళ్ళతో తిప్పితే వదులుగా తిరగాలి. రెంటిలో ఒకటి బిగుసుకుని ఉంటే మీరున్నది రెండో టాప్ (పొగ బయటికి పోయేటప్పటిది) దగ్గర, ఒక పూర్తి చుట్టు తిప్పండి.

డీజిల్ మొదలయ్యే చోటు

ఇప్పుడు పంపు. దాని చుట్టూ మట్టి, జిడ్డు బ్రష్షుతో, డీజిల్‌తో కడిగి తుడవండి. ఈ పంపు లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజర్‌కీ, అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వేల వంతులు మాత్రమే. ఒక ఇసుక రేణువు చాలు దాన్ని పాడుచేయడానికి. మన కొట్టాల్లో దుమ్ము సంగతి తెలిసిందే కదా, కింద ఒక గోనెపట్టా పరిచి నీళ్ళు చల్లి కూర్చోండి.

హైప్రెషర్ పైపును పంపు దగ్గర విప్పి పక్కకు తిప్పండి. ట్యాంకు వాల్వు తెరిచి ఉండాలి. స్టాప్ లివర్ స్టాప్‌లో ఉండకూడదు, గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచేది) ర్యాకు పూర్తి డీజిల్ వైపు ఉండాలి. స్టాప్‌లో ఉంటే పంపు అసలు డీజిల్ ఎత్తదు, మీరు ఎంతసేపు చూసినా ఏమీ కనిపించదు. డీకంప్రెషన్ లివర్ ఎత్తితే ఫ్లైవీలు తేలికగా తిరుగుతుంది.

ఫ్లైవీలును నాలుగైదు చుట్లు తిప్పి పంపు మూతి నిండా డీజిల్ వచ్చేలా చేయండి. బుడగలు పోవాలి. తర్వాత కంప్రెషన్ టాప్‌కి పావు చుట్టు ముందు ఆపండి. మూతిలో డీజిల్ కొంచెం ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది. దానిమీద వెలుగు పడేలా టార్చి పక్కనుంచి పెట్టండి, మెరుపు చుక్క ఒకటి కనిపిస్తుంది. ఇప్పుడు ఫ్లైవీలును ఇంజన్ నడిచే దిశలోనే, చీమ నడిచినంత నెమ్మదిగా తోయండి. కన్ను ఆ మెరుపు మీదే ఉండాలి. మెరుపు మొదటిసారి వణికిన చోటే డీజిల్ మొదలైన చోటు. అక్కడే ఆపి, సూచికకు ఎదురుగా గీత గీయండి.

దాటిపోతే అక్కడినుంచే వెనక్కి జరిపి గీత గీయకండి. గేర్ల మధ్య సందు వల్ల లెక్క తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకే రండి. ఇలా ఐదుసార్లు చేయండి. ఐదు గీతలు ఒక అంగుళం లోపల గుంపుగా పడితే చెయ్యి కుదిరినట్టు, వాటి మధ్య చోటును తీసుకోండి. చెల్లాచెదురుగా పడుతుంటే పంపులో గాలి ఉంది, లేదా చెయ్యి తొందరపడుతోంది.

దీనికంటే కచ్చితమైన పద్ధతి ఉంది. పంపు మూతిలోని డెలివరీ వాల్వునూ దాని స్ప్రింగునూ తీసి, హోల్డర్ తిరిగి బిగించి, కొంగమెడలా వంచిన పైపు ముక్క తగిలిస్తే డీజిల్ ధారగా కారుతుంది. ఫ్లైవీలు తిప్పుతుంటే ధార చుక్కలవుతుంది, చుక్కలు ఆగిపోతాయి. ఆగిన చోటే మొదలు. పంపు షాపుల్లో నమ్మేది దీన్నే. మెరుపు చూసే పద్ధతిలో వాల్వు లేవాలి కాబట్టి గీత కొంచెం ఆలస్యంగా పడుతుంది. అయినా ఇంటి దగ్గర ఆ వాల్వు విప్పవద్దనే నా సలహా. దుమ్ము పడితే పోయేది పంపు.

మిల్లీమీటర్లను డిగ్రీలు చేయడం

ఫ్లైవీలు అంచు చుట్టూ సన్నటి కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట కత్తిరించి, నేలమీద పరిచి స్టీలు టేపుతో కొలవండి. మాది 1,890 మిల్లీమీటర్లు వచ్చింది. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 5.25 మిల్లీమీటర్లు. 20 డిగ్రీలంటే 105 మిల్లీమీటర్లు. మా టాప్ గీతకూ డీజిల్ గీతకూ మధ్య 158 మిల్లీమీటర్లు ఉంది. అంటే 30 డిగ్రీలు. బాపు చెయ్యి ఎందుకు విరిగిందో ఆ టేపు మీద కనిపించింది.

మీకు 18 నుంచి 22 మధ్య వస్తే పంపును ముట్టుకోకండి. మీ రోగం వేరే చోట ఉంది, పైన చెప్పినవి మళ్ళీ చూడండి.

తేడా 10 డిగ్రీలు దాటితే, పంపు ఎవరూ ముట్టుకోలేదని మీకు గట్టిగా తెలిస్తే, గేరు పన్ను తప్పి ఉండొచ్చు. క్యామ్ గేరు పళ్ళు లెక్కపెట్టండి. 60 ఉన్నాయనుకోండి, ఒక పన్ను అంటే క్యామ్ మీద 6 డిగ్రీలు, క్రాంక్ మీద 12. దీన్ని నిర్ధారించుకోవడం ఇలా: ఇంజన్‌ను రెండో టాప్ దగ్గర, అంటే పొగ పోయి గాలి పీల్చే మధ్యలో, మీ కొత్త గీత మీద నిలపండి. అక్కడ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోబోతుంటుంది, ఇన్‌లెట్ తెరుచుకోబోతుంటుంది. ఫ్లైవీలును అటూ ఇటూ కొంచెం ఊపితే వాల్వులను నొక్కే రెండు రాకర్లూ తక్కెడలా ఒకటి లేస్తే ఒకటి దిగాలి. ఆ ఊపు టాప్ గీతకు బాగా పక్కన జరుగుతుంటే గేరు తప్పింది. అప్పుడు టాపెట్ స్క్రూతో సర్దుబాటు చేయడం దండగ, గేరు విప్పి గుర్తులు కలపాల్సిందే.

సరిచేయడం

లిస్టర్ రకంలో పంపు కింద టాపెట్ మీద స్క్రూ, చెక్ నట్టు ఉంటాయి. స్క్రూ పైకి లేస్తే ప్లంజర్‌ను క్యామ్ ముందుగా ఎత్తుతుంది, టైమింగ్ ముందుకు వస్తుంది. కిందికి దిగితే ఆలస్యమవుతుంది. పంపు కింద షిమ్ములు అనే పలచటి రేకులు ఉండే ఇంజన్లలో షిమ్ము వేస్తే ఆలస్యం, తీస్తే ముందు. ఇది తికమక పెడుతుంది కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి: పంపు క్యామ్‌కి దూరం జరిగితే ఆలస్యం.

స్క్రూకి ఆరు పలకలుంటాయి. ఒక్కసారికి ఒక్క పలక మాత్రమే తిప్పండి. చెక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరగకుండా రెండో పానాతో పట్టుకోండి, చాలామంది ఇక్కడే తప్పుతారు. బిగించాక మళ్ళీ మెరుపు చూసి గీత గీయండి. నట్టు వదులుగా ఉన్నప్పటి కొలత లెక్కలోకి రాదు. ఏ పలకకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కాగితం మీద రాసుకుంటూ పోతే మూడోసారికల్లా మీకే లెక్క దొరుకుతుంది. మాకు సాయంత్రం అయ్యింది, ఐదుసార్లు తిప్పి కొలిచాం.

స్క్రూ పైకి లేపినప్పుడు మాత్రం ఇంకో పరీక్ష తప్పనిసరి. క్యామ్ ముక్కు పూర్తిగా పైన ఉన్నప్పుడు ప్లంజర్ పైకప్పుకు తగలకూడదు. పైపు విప్పే ఉంచి, ఫ్లైవీలును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. పంపు దగ్గర ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే ఆగండి, స్క్రూ దించండి. బలవంతంగా తిప్పితే పంపో క్యామో విరుగుతుంది. స్క్రూ అంత పైకి లేపితేగాని 20 డిగ్రీలు రావడం లేదంటే క్యామ్‌గానీ టాపెట్‌గానీ అరిగింది, దాన్ని మార్చడమే దారి.

ఈ రోజుల్లో ఒక ప్రశ్న వస్తుంది, పాత పుస్తకంలోని డిగ్రీలు ఇప్పటి డీజిల్‌కి పనికొస్తాయా అని. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా దొరుకుతున్న బీఎస్-6 డీజిల్‌కి సీటేన్ 51కి తగ్గకూడదు. సీటేన్ ఎక్కువంటే త్వరగా అంటుకుంటుందని అర్థం. కాబట్టి "కొత్త డీజిల్ కదా, రెండు డిగ్రీలు ముందుకు పెడదాం" అనడానికి కారణమే లేదు. పుస్తకం అంకె దగ్గరే ఉంచండి.

స్టార్ట్ చేసి వినడం

పైపు బిగించండి, గాలి తీయండి, ఆయిల్, నీళ్ళు చూసుకోండి. కొట్టం తలుపులు, కిటికీలు తెరవండి. ఇన్‌లెట్ గాలి మూతిని మూయడానికి సరిపోయే చెక్కముక్క ఒకటి చేతికందేలా పెట్టుకోండి. గవర్నర్ ఇరుక్కుని ఇంజన్ అదుపు తప్పి వేగం పెరిగితే గాలి మూసేస్తే ఆగుతుంది. గుడ్డ వాడకండి, లోపలికి పీల్చేస్తుంది.

హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలును దాని చుట్టూ వేయకండి, మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచండి. వెనక్కి తంతే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి. లివర్ ఎత్తి, వేగం అందాక దించండి. ఆ మొదటి పేలుడు వినగానే లేచే సంతోషం ఎన్నిసార్లు విన్నా తగ్గదు.

పావుగంట వేడెక్కనిచ్చి అప్పుడు వినండి. మంచి టైమింగ్ మీద లిస్టర్ రకం ఇంజన్ దబ్, దబ్, దబ్ అని అడుగులేసినట్టు నడుస్తుంది. ప్రతి రెండు చుట్లకు ఒక పేలుడు, నిమిషానికి 325. నాణెం బండమీద రాలినట్టు చురుగ్గా టక్కుమంటే ఇంకా ముందుంది. లోడు వేయండి, నీళ్ళ పంపుకో పిండి రాయికో తగిలించండి. పొగ కంటికి కనిపించీ కనిపించనట్టు ఉండాలి. ఖాళీగా నడుస్తున్నప్పుడు చూసి తీర్పు చెప్పకండి, ఖాళీ ఇంజన్ ఎప్పుడూ బాగానే ఉన్నట్టుంటుంది.

మాగ్నెటో ఉన్న ఇంజన్ అయితే

కొందరి దగ్గర పెట్రోలుతో స్టార్టై కిరోసిన్ మీద నడిచే చిన్న ఇంజన్లు ఉంటాయి. వాటికి ప్లగ్గు, దాని నిప్పురవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటో ఉంటాయి. టాప్ పట్టుకోవడం, అంచు మీద కొలవడం అంతా ఇదే. డీజిల్ మొదలయ్యే చోటు బదులు మాగ్నెటోలోని పాయింట్లు (తెరుచుకోగానే రవ్వ పుట్టించే రెండు లోహపు మొనలు) తెరుచుకునే చోటు చూడాలి. ముందు పాయింట్లను సన్నటి పాలిష్ కాగితంతో శుభ్రం చేసి, సందు సరిచేయండి. చాలా మాగ్నెటోలకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. సందు పెరిగితే పాయింట్లు త్వరగా తెరుచుకుని టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది, కాబట్టి సందు తర్వాతే టైమింగ్. పాయింట్ల మధ్య పలచటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఫ్లైవీలు తిప్పండి. కాగితం జారి చేతిలోకి వచ్చిన చోటే తెరుచుకున్న చోటు. తిప్పుతుంటే మాగ్నెటో లోపల టక్కుమని స్ప్రింగు వదిలే చప్పుడు వస్తే, అది స్టార్టింగ్ కోసం రవ్వను ఆలస్యం చేసే కప్లింగ్. కొలిచేటప్పుడు దాని కొక్కెం పట్టుకోకుండా చూసుకోవాలి, లేదంటే లెక్క చాలా ఆలస్యంగా వస్తుంది.

పని అయ్యాక ఫ్లైవీలు మీద సుద్దగీతలు తుడిచేసి, టాప్ గీతనూ డీజిల్ గీతనూ చిన్న ఉలితో గాటు పెట్టి తెల్ల ఎనామిల్ రంగు వేయండి. సూచిక తీగ పీకేయకండి, అలాగే ఉండనివ్వండి. చుట్టుకొలత, టాప్ నుంచి మిల్లీమీటర్లు, తేదీ ఈ మూడూ డీజిల్ ట్యాంకు పక్కన రంగుతో రాయండి. మా ట్యాంకు మీద "1,890, 105" అని బాపు ఎడమ చేత్తో రాసిన అంకెలు ఇంకా ఉన్నాయి. కట్టు విప్పకముందే రాశాడు.